చుక్క ముట్టని తమ్ముడికి రక్తపు వాంతులెందుకు?

ప్రశ్న: సార్, మాది ఆదోని దగ్గర పల్లె. మా తమ్ముడికి 19 ఏళ్లు, బక్కపలచగా ఉంటాడు, పాలిటెక్నిక్ చదువుతున్నాడు. నెలన్నర కిందట జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు నొప్పి సూది వేసి మాత్రలిచ్చాడు. మూడో రోజు రాత్రి చెంబెడు రక్తం కక్కుకున్నాడు. కర్నూలులో ఒక ఆసుపత్రికి తీసుకుపోతే ఎండోస్కోపీ చేసి, అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బి పగిలాయని వాటికి నాలుగు రబ్బరు బ్యాండ్లు వేశారు. రెండు సీసాల రక్తం ఎక్కించారు. నాలుగో రోజుకే లేచి అన్నం తిన్నాడు.

డిశ్చార్జి కాగితం మీద ‘లివర్ సిర్రోసిస్?’ అని రాశారు. అది చూసినప్పటి నుంచి మా నాయన వాడితో మాట్లాడ్డం లేదు. హాస్టల్లో తాగుడు నేర్చుకున్నాడని ఆయన నమ్మకం. వాడు చుక్క కూడా ముట్టడు సార్, నాకు తెలుసు.

హిమోగ్లోబిన్ 6.8, ప్లేట్‌లెట్లు 68 వేలు, తెల్లకణాలు 2,600, బిలిరుబిన్ 0.9, అల్బుమిన్ 4.1 ఉన్నాయి. హెపటైటిస్ బి, సి రెండూ లేవన్నారు. స్కానింగులో లివర్ మామూలుగానే ఉంది, బల్ల (ప్లీహం) 17 సెంటీమీటర్లకు పెరిగింది, పొట్టలో నీరు లేదు, ‘పోర్టల్ వీన్ సరిగా కనిపించలేదు’ అని ఉంది. ప్లేట్‌లెట్లు పెరగాలని బొప్పాయాకు రసం తాగిస్తున్నాం.

వాడికి ఐదారేళ్లప్పుడే కడుపులో బల్ల ఉందని మా అవ్వ వాతలు పెట్టించింది. ఎడమ డొక్క మీద మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. ఎనిమిదేళ్లప్పుడు ఒకసారి జ్వరంతో పాటు నల్లగా విరేచనాలు అయ్యాయి, వేడి చేసిందన్నారు. వాడు పుట్టింది అమ్మానాయనలు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి పోయినప్పుడు, మిరప చేల పక్కన గుడిసెలో. బొడ్డు చీము పట్టి చాలా రోజులు మానలేదట. అమ్మానాయనలది మేనరికం. ఇవన్నీ అవసరమో కాదో తెలియక రాస్తున్నాను.

బల్ల తీయించేస్తే పీడ పోతుందని మా మామ పట్టుబడుతున్నాడు. ఇది సిర్రోసిసేనా? బల్ల తీయించాలా? వాడు బతుకుతాడా సార్?

— ఒక అక్క, కర్నూలు జిల్లా

జవాబు: అమ్మా, చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. మీరు రాసినవన్నీ కలిపి చూస్తే, మీ తమ్ముడిది జాగ్రత్తగా చూపించుకుంటే నిండుగా బతకగలిగే జబ్బులాగే కనిపిస్తోంది. మనిషిని చూడకుండా జబ్బుకు పేరు పెట్టకూడదు కాబట్టి ‘లాగే’ అంటున్నాను. ఒక్క మాట మాత్రం ఖాయంగా చెప్పగలను. అన్నవాహికలో నాళాలు ఉబ్బడానికి సిర్రోసిస్ (లివర్ మచ్చలు కట్టి గట్టిపడడం) ఒక్కటే కారణం కాదు. సిర్రోసిస్‌కు తాగుడు ఒక్కటే కారణం కాదు. మీ నాయన ఈ రెండు మెట్లూ ఒకే అంగలో దిగేశారు.

‘సిర్రోసిస్’ పక్కన ప్రశ్న గుర్తు ఉందని మీరే రాశారు. అర్ధరాత్రి రక్తం కక్కుతూ వచ్చిన మనిషిని నిలబెట్టే హడావిడిలో డాక్టరు అలా రాయడం తప్పేమీ కాదు. పెద్దవాళ్లలో ఈ నాళాలు పగలడానికి ఎక్కువగా కనిపించే కారణం అదే. చిక్కు తర్వాత వస్తుంది. రెండో ఆసుపత్రిలో ఆ కాగితం చూసి రాసుకునేటప్పుడు ప్రశ్న గుర్తు రాలిపోతుంది. మూడో చోటికి వెళ్లేసరికి ‘సిర్రోసిస్ పేషెంట్’ అన్న ముద్ర పడిపోతుంది, ఇక ఎవరూ వెనక్కి వెళ్లి చూడరు. అలాంటి ఫైళ్లు నా టేబుల్ మీదకు వస్తూనే ఉంటాయి.

అసలు ఈ నాళాలు ఎందుకు ఉబ్బుతాయో కొంచెం ఓపిగ్గా వినండి, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. కడుపు, పేగులు, క్లోమం, బల్ల, వీటన్నిటి నుంచి వచ్చే రక్తం పోర్టల్ సిర (పోర్టల్ వీన్) అనే ఒకే పెద్ద నాళంలో కలిసి లివర్‌కు చేరుతుంది. లివర్‌కు అందే రక్తంలో దాదాపు ముప్పావు వంతు ఈ దారినే వస్తుంది. అక్కడి నుంచి లివర్ సిరల గుండా గుండెకు పోతుంది. ఈ దారిలో ఎక్కడ అడ్డు పడినా వెనక ఒత్తిడి పెరుగుతుంది. తుంగభద్ర దిగువ కాలువ మీకు తెలిసిందే కదా. ముందర షట్టరు దించేస్తే వెనక గట్టు ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడ గండి పడుతుంది. రక్తం కూడా అలాగే అన్నవాహిక అడుగున, కడుపు పైభాగంలో ఉండే సన్నటి సిరల్లోకి మళ్లుతుంది. అంత రక్తం ఎప్పుడూ మోయని సిరలవి. ఉబ్బి, మెలికలు తిరిగి, పలచటి పొర కింద పైకి తేలతాయి. ఒకరోజు పగులుతాయి.

అందుకే నా దృష్టిలో మొదటి ప్రశ్న అడ్డు ఎక్కడుందన్నదే. లివర్‌కు ముందా, లివర్ లోపలా, లివర్ దాటాకా? తాగుడు సంగతి తర్వాత.

సిర్రోసిస్‌లో అడ్డు లివర్ లోపల ఉంటుంది. మచ్చలు కట్టి గట్టిపడిన లివర్‌కు రక్తం పోయిన దెబ్బ తట్టుకునే శక్తి తక్కువ. రక్తం కక్కిన రెండు మూడు రోజుల్లో పొట్టలో నీరు చేరడం, కళ్లు పచ్చబడడం, మనిషి మగతగా అయిపోయి పొంతన లేకుండా మాట్లాడడం చాలామందిలో చూస్తాం. మీ తమ్ముడు నాలుగో రోజు లేచి అన్నం తిన్నాడు. అల్బుమిన్ 4.1, బిలిరుబిన్ 0.9 అంటే లివర్ తన పని తాను చేసుకుపోతోందన్న మాట. తొలిదశ సిర్రోసిస్‌లో కూడా ఈ అంకెలు బాగానే ఉండొచ్చు కాబట్టి వీటితోనే తీర్పు చెప్పను. కానీ మీరు రాసిన స్కానింగు రిపోర్టులో ఇంకో చిన్న వాక్యం ఉంది.

‘పోర్టల్ వీన్ సరిగా కనిపించలేదు.’

పేగుల్లో గ్యాస్ అడ్డొచ్చి ఒక్కోసారి నిజంగానే కనిపించదు. లావుపాటి మనుషుల్లో అయితే మరీనూ. కానీ బక్కపలచటి 19 ఏళ్ల కుర్రాడిలో చిటికెన వేలంత లావుండే నాళం దొరకలేదంటే, అది అక్కడ ఉందా అని అడగాలి. పసితనంలోనే పోర్టల్ సిరలో రక్తం గడ్డకట్టి మూసుకుపోతే, దాని చుట్టూ సన్నటి సిరలు గుత్తులుగా పుట్టి ఎలాగోలా రక్తాన్ని లివర్‌కు చేరవేయాలని చూస్తాయి. ఈ గుత్తినే పోర్టల్ కావెర్నోమా అంటారు. తిన్నని గొట్టం కోసం వెతికే కంటికి అది ఆనదు. డాప్లర్ పెట్టి రక్తం కదలికను రంగుల్లో చూస్తే బయటపడుతుంది. ఆ రిపోర్టులో అన్నిటికన్నా విలువైన ముక్క ఇదేనని నా అనుమానం. దాన్నే ఎవరూ పట్టించుకోలేదు.

ఈ జబ్బుకు డాక్టర్లు వాడే పేరు ఎక్స్‌ట్రా హెపాటిక్ పోర్టల్ వీన్ అబ్‌స్ట్రక్షన్. లివర్ బయటే దారి మూసుకుపోయింది, లివర్ మాత్రం బాగానే ఉంది అని అర్థం చేసుకోండి. మన దేశంలో పిల్లలు పెద్ద ఎత్తున రక్తం కక్కుకోవడానికి ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి. పిల్లల డాక్టర్లకు బాగా పరిచయమైన జబ్బే. అదే పిల్లవాడు మీసాలొచ్చి పెద్దల వార్డులో చేరేసరికి, అక్కడి కళ్లకు ముందు సిర్రోసిస్సే కనిపిస్తుంది.

మీరు ‘అవసరమో కాదో’ అంటూ రాసిన సంగతులన్నీ దీనికి అతుకుతున్నాయి. కడుపులో ఉన్న బిడ్డకు తల్లి నుంచి రక్తం తెచ్చే బొడ్డు సిర నేరుగా పోర్టల్ సిర ఎడమ కొమ్మలో కలుస్తుంది. పుట్టాక కొన్నాళ్ల దాకా ఆ దారి పూర్తిగా పూడుకుపోదు. బొడ్డు చీము పడితే ఆ ఇన్ఫెక్షన్ అదే దారిన లోపలికి పాకి పోర్టల్ సిరలో గడ్డకట్టించవచ్చు. పసిబిడ్డకు విరేచనాలై ఒంట్లో నీరు బాగా తగ్గిపోయినా, పురిట్లో ఐసీయూలో ఉంచి బొడ్డు సిరలో గొట్టం పెట్టవలసి వచ్చినా ఇలా జరగవచ్చు. చాలామందిలో ఎంత వెతికినా కారణం దొరకదు కూడా. కాబట్టి మీ అమ్మగారు ఈ మాట విని తనను తాను తిట్టుకోవద్దని చెప్పండి. బొడ్డు చీము పట్టిన పిల్లల్లో ఎక్కువమంది ఏమీ కాకుండానే పెరిగి పెద్దవుతారు. కూలికి పోయిన చోట, గుడిసెలో కాన్పు కావడం ఆవిడ ఎంచుకున్నదేం కాదు.

ఎనిమిదేళ్లప్పటి నల్ల విరేచనాలు వేడి చేసి అయినవి కాకపోవచ్చు. బహుశా అదే మొదటి రక్తస్రావం. కడుపులోకి కారిన రక్తం జీర్ణమైతే విరేచనం తారులా జిగటగా, నల్లగా, ఘాటైన వాసనతో అవుతుంది. ఈ జబ్బులో జ్వరాలప్పుడు, నొప్పి మాత్రలు మింగినప్పుడు రక్తం పోవడం తరచుగా వినే కథే.

ఇక ఆ వాత మచ్చలు. వాతలు పెట్టడం పిల్లవాణ్ని హింసించడమే, బల్ల దానివల్ల అరంగుళం కూడా తగ్గదు. ఇంకెవరికీ పెట్టించవద్దని మీ అవ్వకు చెప్పండి. అయితే ఆ మచ్చలు ఈరోజు మీ తమ్ముడి తరఫున సాక్ష్యం చెబుతున్నాయి. ఐదారేళ్ల వయసులోనే బల్ల చేతికి తగిలేంత పెరిగిందంటే, లోపల అడ్డు అంతకు ముందే పడింది. అప్పటికి హాస్టలూ లేదు, బ్రాందీ షాపూ లేదు. మీ నాయనకు నా మాటగా ఇది చెప్పండి. డాక్టరు చెబితేనే వింటానంటే డాప్లర్‌కు ఆయన్ని కూడా వెంటబెట్టుకుని వెళ్లి, అక్కడే అడిగించండి.

ఇంత చెప్పినా ఇది నా అంచనాయే. డాప్లర్‌లో పోర్టల్ సిర శుభ్రంగా ఉందనుకోండి, అప్పుడు మిగతా కారణాలు వెతకాలి. వాటిలో మీ ఇంటికి సంబంధించినవి రెండు మూడున్నాయి.

మేనరికం అన్నారు కాబట్టి విల్సన్ జబ్బు లేదని తప్పకుండా తేల్చుకోవాలి. ఒంట్లో రాగి బయటికి పోక లివర్‌లో, మెదడులో, కంటిలో పేరుకుపోయే వంశపారంపర్య వ్యాధి ఇది. కిన్నియర్ విల్సన్ అనే డాక్టరు 1912లో వివరించాడు కాబట్టి ఆ పేరు. తల్లి, తండ్రి ఇద్దరిలోనూ దాగి ఉన్న లోపం బిడ్డలో కలిస్తే వస్తుంది, రక్తసంబంధంలో పెళ్లిళ్లు జరిగిన చోట దీనికి అవకాశం ఎక్కువ. కుర్రాళ్లలో సిర్రోసిస్ కనిపిస్తే మేము మొదట వెతికేవాటిలో ఇదొకటి. రక్తంలో సెరులోప్లాస్మిన్, 24 గంటల మూత్రంలో రాగి, కంటి డాక్టరు చేసే స్లిట్ ల్యాంప్ పరీక్ష చాలావరకు తేల్చేస్తాయి. జీవితాంతం మందులు వాడాలి గానీ, ముందుగా పట్టుకుంటే అదుపులో ఉండే జబ్బు. తేలితే మీకు, మీ మిగతా తోబుట్టువులకు కూడా పరీక్ష చేయాలి, ఏ బాధా లేకపోయినా సరే. పుట్టుకతో లివర్‌లో నార పెరిగే జబ్బు ఇంకొకటుంది, కంజెనిటల్ హెపాటిక్ ఫైబ్రోసిస్ అంటారు. ఇదీ ఇలాగే సంక్రమిస్తుంది, కిడ్నీలలో నీటి తిత్తులు తరచుగా తోడుంటాయి. స్కానింగులో కిడ్నీల గురించి ఏం రాశారో ఒకసారి చూడండి.

పోర్టల్ పెద్ద సిర తెరిచే ఉండి, లివర్ లోపలి సన్నటి కొమ్మలు మాత్రం మూసుకుపోయే రకం కూడా మన దేశంలో చాలాకాలంగా తెలిసినదే. నాన్ సిర్రోటిక్ పోర్టల్ ఫైబ్రోసిస్ అని పాత పేరు. సాధారణంగా పాతిక, ముప్పై దాటినవారిలో చూస్తాం. బల్ల బొడ్డు దాకా దిగుతుంది, లివర్ పరీక్షలు మాత్రం చక్కగా ఉంటాయి. దీన్ని సిర్రోసిస్ అని పొరబడడం మరీ తేలిక. కొన్నిసార్లు లివర్ ముక్క తీసి పరీక్షిస్తే గానీ తేలదు. చాలాకాలం ఒంట్లోకి ఆర్సెనిక్ చేరడానికీ దీనికీ సంబంధం ఉందని తెలుసు. బల్ల కరిగిస్తామంటూ ఎవరైనా భస్మాలు, పేరులేని పొడులు ఇస్తుంటే ఆపేయమని నేను గట్టిగా చెప్పడానికి ఇదొక కారణం. అజాథయోప్రిన్ లాంటి కొన్ని అల్లోపతి మందులు కూడా అరుదుగా ఈ పని చేస్తాయి, కాబట్టి నేనేదో నాటువైద్యాన్నే తిడుతున్నానని అనుకోకండి.

లివర్ దాటాక అడ్డు పడితే బడ్-కియారీ అంటారు. అందులో పొట్టనిండా నీరు, కుడివైపు నొప్పి ముందు వస్తాయి. మీ తమ్ముడికి నీరే లేదు కాబట్టి అవకాశం తక్కువ, అయినా డాప్లర్‌లో ఆ సిరలు కూడా చూస్తారు. క్లోమం వాచినవారిలో దాని వెనకే పాకే బల్ల సిర ఒక్కటే మూసుకుపోవడం ఇంకో రకం, దాని సంగతి కింద మళ్లీ వస్తుంది. అన్నవాహిక పైభాగంలో మాత్రమే నాళాలు ఉబ్బే వింత రకం కూడా ఉంది. మెడ నుంచి గుండెకు దిగే పెద్ద సిర మూసుకుపోతే రక్తం పైనుంచి కిందికి దారి వెతుక్కుంటుంది. మెడలో డయాలసిస్ గొట్టాలు చాలాకాలం ఉంచుకున్న కిడ్నీ రోగుల్లో, ఛాతీలో గడ్డలున్నవారిలో చూస్తాం. అక్కడ లివర్‌కు ఏ పాపమూ తెలియదు. ఆఫ్రికాలో కొన్ని చోట్ల పురుగుల వల్ల వచ్చే షిస్టోసోమియాసిస్ పెద్ద కారణం, మన దగ్గర దాని బెడద లేదు.

ఇప్పుడు మీ మామగారి సలహా. బల్ల తీయించేయడం. దీని గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే ఒకసారి తీశాక మళ్లీ పెట్టలేం.

అడ్డు బల్ల సిరలో మాత్రమే ఉంటే మీ మామ చెప్పింది సరైన వైద్యమే. ఆ రకంలో బల్ల తీసేస్తే కడుపులో ఉబ్బిన నాళాలకు రక్తం వచ్చే దారే ఉండదు, జబ్బు నయమైపోతుంది. అడ్డు పోర్టల్ సిరలో ఉంటే మాత్రం ఒట్టిగా బల్ల తీయడం చాలావరకు పొరపాటు. పేగుల రక్తానికి అడ్డు అలాగే ఉంటుంది, కొన్నాళ్లకు నాళాలు మళ్లీ ఉబ్బుతాయి. అప్పుడు షంట్ ఆపరేషన్ చేద్దామంటే, అందుకు వాడుకునే ముఖ్యమైన నాళం బల్ల సిరే. దాన్ని ముందే కత్తిరించి పారేసి ఉంటారు. షంట్ అంటే బల్ల సిరను కిడ్నీ సిరకు కలిపి రక్తానికి పక్కదారి ఇవ్వడం. బ్యాండ్లతో అదుపు కానప్పుడు, బల్ల మరీ పెద్దదై ఇబ్బంది పెడుతున్నప్పుడు ఇది మంచి వైద్యం. అందులో బల్ల తీసినా, దాని సిరను మాత్రం కాపాడి షంట్‌కు వాడుకుంటారు. పిల్లల్లో అయితే మూసుకుపోయిన భాగాన్ని దాటించి రక్తాన్ని నేరుగా లివర్‌లోకే పంపే రెక్స్ షంట్ అనేది ఉంది. మీ తమ్ముడి విషయంలో ఏది కుదురుతుందో సీటీ పోర్టోగ్రామ్ (ఈ సిరలను చూపే సీటీ స్కాన్) చూశాకే సర్జన్ చెప్పగలడు. బల్ల తీయక తప్పకపోతే న్యుమోకాకస్, మెనింగోకాకస్, హిబ్ టీకాలు ఆపరేషన్‌కు కనీసం రెండు వారాల ముందే వేయించాలి. బల్ల లేని మనిషికి కొన్ని ఇన్ఫెక్షన్లు గంటల్లో ప్రాణం మీదకు తెస్తాయి.

అసలు అడ్డు ఎక్కడుందో తెలియకుండా బల్ల మీద కత్తి పెట్టనివ్వకండి, ఎవరు చెప్పినా సరే.

బొప్పాయాకు రసం ఆపేయండి. ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు తగ్గింది పెరిగిన బల్ల వాటిని పట్టి ఉంచుకోవడం వల్ల. ఆ రసంతో బల్ల తగ్గదు, కాబట్టి కణాలూ పెరగవు. 68 వేలతో ప్రాణానికి ముప్పేమీ లేదు. మీ తమ్ముడికి రక్తం పోయింది ప్లేట్‌లెట్లు తగ్గి కాదు, నాళం పగిలి.

అసలైన శత్రువు ఆ నొప్పి సూది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి ఇకమీదట మీ తమ్ముడికి వద్దు. జ్వరమొస్తే పారాసిటమాల్ డాక్టరు చెప్పిన మోతాదులో ఇవ్వచ్చు. ఊళ్లో ఆర్‌ఎంపీకి ఈ మాట మీరే వెళ్లి చెప్పండి. మీ తమ్ముడి ఫోన్ కవరు వెనక కూడా ఒక చీటీ రాసి పెట్టండి, హాస్టల్లో జ్వరమొస్తే వాడికి ఎవరు ఏ నొప్పి మాత్ర ఇస్తారో తెలియదు కదా.

మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టిన విషయం ఒకటుంది. నెలన్నర అయిందన్నారు, రెండో విడత బ్యాండింగ్ ఊసే లేదు. బ్యాండ్లు ఒక్కసారి వేస్తే పని అయిపోదు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేస్తూ నాళాలన్నీ ముడుచుకుపోయేదాకా చేయాలి. ఆ తర్వాత కూడా కొన్ని నెలలకోసారి ఎండోస్కోపీతో చూసుకోవాలి. ఈ నాళాల్లో ఒత్తిడి తగ్గించే ప్రొప్రనలాల్ గానీ కార్వెడిలాల్ గానీ రాశారేమో చీటీ చూడండి. రాసి ఉంటే, అయిపోయిందని మధ్యలో మానేయకూడదు. ఆస్తమా ఉంటే మాత్రం డాక్టరుకు ముందే చెప్పాలి.

కాబట్టి ఈ వారంలోనే బయల్దేరండి. కర్నూలు పెద్దాసుపత్రిలో గ్యాస్ట్రోఎంటరాలజీ విభాగం ఉంది. పాత కాగితాలన్నీ, ముఖ్యంగా ఆ స్కానింగు రిపోర్టు, ఎండోస్కోపీ ఫొటోలు పట్టుకెళ్లండి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు, అదే మనం ఆరోగ్యశ్రీ అనేది, వెంట ఉంచుకుని అక్కడి ఆరోగ్యమిత్రను ముందే కలవండి. డాక్టరుతో మాత్రం ‘బల్ల పెరిగింది’ అని మొదలుపెట్టకండి. ‘చిన్నప్పుడు బొడ్డు చీము పట్టింది, ఐదేళ్లకే బల్ల ఉంది, లివర్ పరీక్షలు బాగున్నాయి, పోర్టల్ సిర కనిపించలేదన్నారు, డాప్లర్ చేస్తారా’ అని వరసగా చెప్పండి. ఎంత రద్దీ ఓపీలోనైనా ఈ ఒక్క వాక్యానికి డాక్టరు తలెత్తి చూస్తాడు.

డాప్లర్‌లో పోర్టల్ సిర మూసుకుపోయిందని తేలితే రక్తం గడ్డకట్టే గుణం గురించి కూడా అడగండి. ఎముక మజ్జలో కణాలు అతిగా పుట్టే జబ్బు ఒకటి పెద్దవాళ్లలో ఇలా సిరలు మూసుకుపోవడానికి కారణమవుతుంది. జాక్-2 అనే జన్యు పరీక్షతో తెలుస్తుంది. బల్ల కణాలను పట్టి ఉంచడం వల్ల మామూలు రక్తపరీక్షలో ఆ జబ్బు దాక్కోగలదు, అందుకే దాన్ని ప్రత్యేకంగా వెతకాలి. పసితనంలోనే మొదలైనట్టున్న మీ తమ్ముడికి ఇది అంతగా వర్తించకపోవచ్చు, అయినా ఆ నిర్ణయం డాక్టరుకు వదిలేయండి. ఇంట్లో ఎవరికైనా కాలి సిరల్లో గడ్డకట్టిందా, చిన్న వయసులో పక్షవాతం వచ్చిందా అన్నది మాత్రం మీరే కనుక్కుని వెళ్లండి.

తిండి విషయంలో మన వైపు అనవసరమైన పథ్యాలు ఎక్కువ. కారం తింటే ఈ నాళాలు ఉబ్బవు. బ్యాండ్లు వేసిన మొదటి ఒకటి రెండు రోజులు మజ్జిగ, పలచటి అన్నం, తర్వాత వారం పాటు మెత్తటి సంగటి, పప్పు. బ్యాండ్లు ఊడిపోయిన చోట చిన్న పుళ్లుంటాయి, అవి మానేదాకా జొన్నరొట్టె గట్టి అంచులు, వేయించిన చెనిక్కాయలు, ఎముకలున్న మాంసం వద్దు. ఆ తర్వాత అందరిలాగే తినొచ్చు. కబడ్డీ మాత్రం ఆడనివ్వకండి, పెరిగిన బల్లకు దెబ్బ తగిలితే చిట్లుతుంది. నాళాలు ముడుచుకునేదాకా పత్తి మూటలు ఎత్తించవద్దు. చదువు మాన్పించాల్సిన పని అస్సలు లేదు.

మళ్లీ రక్తం కక్కినా, తారులాంటి విరేచనం అయినా, ఉన్నట్టుండి చెమటలు పట్టి కళ్లు తిరిగినా తెల్లారేదాకా ఆగొద్దు. ఐరన్ మాత్రలు వాడుతుంటే విరేచనం నల్లగానే అవుతుంది గానీ జిగట, ఆ వాసన ఉండవు. 108కి ఫోన్ చేసి, ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో నీళ్లు, నిమ్మరసం ఏమీ పోయకండి. మీ దగ్గర నుంచి కర్నూలు సుమారు 100 కిలోమీటర్లు. అందుకని ముందు ఆదోని ఏరియా ఆసుపత్రిలో సెలైన్ పెట్టించి, ‘అన్నవాహికలో నాళాలు ఉబ్బి బ్యాండ్లు వేసిన పేషెంట్’ అని మొదటి మాటగా చెప్పండి. ఆ మాట వింటే ఒత్తిడి తగ్గించే ఇంజెక్షన్, యాంటీబయాటిక్ దారిలోనే మొదలుపెట్టే వీలుంటుంది. ఎండోస్కోపీ 12 గంటల్లోపు జరగాలి. రక్తం ఎన్ని సీసాలన్నది డాక్టర్లకు వదిలేయండి. హిమోగ్లోబిన్ 7, 8 మధ్య నిలబెడితే చాలు, భయపడి ఎక్కువ ఎక్కిస్తే ఒత్తిడి పెరిగి మళ్లీ పగలవచ్చు.

ఇంకొక్క సంగతి. ఈ ఏడాది కూడా మీవాళ్లు సుగ్గికి పోయేటట్టయితే, మీ తమ్ముడి ఫైలు జెరాక్స్ ఒక సెట్టు మీ దగ్గర, ఒక సెట్టు వాడి హాస్టల్ పెట్టెలో ఉంచండి. బ్యాండింగ్ తేదీకి తోడు ఎవరొస్తారో కూడా వాళ్లు ఊరు కదిలే ముందే తేల్చుకోండి. డాప్లర్ రిపోర్టు వచ్చాక మళ్లీ రాయండి.